పెసరట్టు ప్రచురణకర్త

రాయవెల్లి బస్టాండు ఎదురుగా వీరమణి టిఫిన్ హోటలు ఉంది. కౌంటరూ చట్నీలూ వీరమణి చూసుకుంటుంది. పెనం దగ్గర ఆమె మొగుడు నూకరాజు ఉంటాడు. హోటలుకి ఫేస్‌బుక్‌లో ఒక పేజీ కూడా ఉంది. తెల్లారగానే వీరమణి ఆ రోజు టిఫిన్ ఫొటో ఒకటి తీసి అందులో పెడుతుంది. ఆ తర్వాత ఫోను పోపుల డబ్బా పక్కన పడేస్తే మళ్ళీ మధ్యాహ్నం దాకా దాని మొహం చూడదు. చూసే తీరిక ఉండదు.

ఒక సోమవారం ఆమె పెసరట్టు ఫొటో పెట్టింది. పైన అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, పక్కన ఉప్మా. "వేడివేడిగా తిని ఎలా ఉందో చెప్పండి" అని రాసింది. కాసేపటికి దాని కింద 'గోదారి గాలి' అనే పేరుతో ఎవరో ఒక వాక్యం రాశారు.

"చైర్మన్ గారు వేయించిన బస్టాండు రోడ్డు కంటే ఈ పెసరట్టే మందం."

ఆ రోడ్డు వేసవిలో వేశారు. వానలకి కొట్టుకుపోయిందంటే అన్యాయం. కొట్టుకుపోవడానికి కూడా కొంత ఉండాలి.

పురపాలక సంఘం చైర్మన్ భాస్కరనారాయణ గారి ఫోనులో, ఆయన ప్రస్తావన ఎక్కడ వచ్చినా గంట మోగే ఏర్పాటు ఉంది. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్కటీ చేజారకుండా చేయించుకున్నారు. ఆ సోమవారం గంట మోగింది. ఆయన ఆనందంగా ఫోను తీసి చూశారు. చూసి, కాఫీ వద్దన్నారు.

పోలీసులు వెతికారు. గోదారి గాలి ఎవరో, ఎక్కడ ఉంటాడో తేలలేదు. ఫేస్‌బుక్ కంపెనీకి రాస్తే జవాబు రావడానికి ఏళ్ళు పడుతుందనీ, అప్పటికి చైర్మన్ గారి పదవీకాలం కూడా పూర్తవుతుందనీ ఎస్సై విన్నవించుకున్నాడు.

"రాసినవాడు దొరక్కపోతే పోనీ. ప్రచురించినవాడు ఒకడుంటాడు కదా. వాణ్ణి పట్టుకోండి" అన్నారు చైర్మన్ గారు.

అలా పురపాలక సంఘంలో ప్రచురణకర్తల గుర్తింపు విభాగం ఏర్పడింది. దానికి వైకుంఠరావు గారిని అధికారిగా వేశారు. అంతకుముందు ఆయన వీధికుక్కల గుర్తింపు విభాగం చూసేవారు. ఆ పని సంతృప్తికరంగా ముగిసింది. కుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి.

మర్నాడు టిఫిన్ల వేళ వైకుంఠరావు గారు హోటలుకి వచ్చారు. వడ్డించబోతే వద్దన్నారు.

"విచారణాధీనమైన పదార్థాన్ని నేను భుజించరాదు" అన్నారు. "ఎలా ఉందో చెప్పండి అని తమరు ప్రజానీకాన్ని కోరిన మాట వాస్తవమేనా?"

"అవునండి. పెసరట్టు ఎలా ఉందో చెప్పమన్నానండి. రోడ్డు సంగతి నేనడగలేదు" అంది వీరమణి.

"అభిప్రాయాన్ని ఆహ్వానించినవారు, వచ్చిన అభిప్రాయానికి ఆశ్రయం ఇచ్చినవారవుతారు. ఆశ్రయం ఇచ్చినవారే ప్రచురణకర్తలు. ఇది విభాగం యొక్క ప్రాథమిక నిర్ధారణ."

విభాగం అంటే ఆయన ఒక్కరే.

"అయితే అది చెరిపేత్తాను లెండి. ఎంతసేపు పని."

"చెరిపితే సాక్ష్య విధ్వంసం."

"పోనీ ఉంచుతానండి."

"ఉంచితే నిరంతర ప్రచురణ. అది అక్కడ ఉన్న ప్రతి క్షణం ఒక నూతన అపరాధం."

నూకరాజు మామూలుగా మాట్లాడడు. అట్లకాడ పట్టుకుని ఇటు తిరిగాడు. "మరి ఏం చెయ్యమంటారండి?"

"చట్టానికి లోబడి ఉండమంటాను" అన్నారు వైకుంఠరావు గారు.

ఎలా లోబడాలో కూడా ఆయనే చెప్పారు. ప్రచురణ జరిగే స్థలం కాబట్టి హోటలు బోర్డు మీద సంపాదకురాలు, ప్రచురణకర్త వీరమణి అనీ, ముద్రాపకుడు నూకరాజు అనీ రాయించాలి.

"నేను అట్లు పోత్తానండి" అన్నాడు నూకరాజు.

"ఒక ద్రవాన్ని ఇనుప పలక మీద పలుచగా పరిచి, రెండో వైపు తిప్పి, ఒక్కొక్క ప్రతిగా జనానికి అందజేస్తున్నారు. దీన్ని మరేమంటారో తమరే సెలవివ్వండి."

నూకరాజు పెనం వంక చూసి, దాని మీది అట్టు తిరగేశాడు. బోర్డు రాయించారు. రాయించాక, పత్రికా కార్యాలయంలో గ్యాస్ పొయ్యి ఉండకూడదన్న నిబంధన కింద వైకుంఠరావు గారు హోటలుకి సీలు వేశారు.

తాళం మీద లక్క ముద్ర చూసి వీరమణికి మొదట కోపం రాలేదు. లోపల రుబ్బి ఉంచిన పిండి పులిసిపోతుందని బెంగ వచ్చింది. ఆ పిండి కోసం అడిగితే, అది అముద్రిత సామగ్రి అనీ, ముట్టుకోరాదనీ జవాబొచ్చింది. అప్పుడొచ్చింది కోపం.

చైర్మన్ గారు కబురు పెట్టారు. ఆ మాట ప్రచురించింది నేనే, క్షమించండి అని కాగితం మీద రాసి సంతకం పెడితే సీలు తీయిస్తానన్నారు.

"రాసి పారెయ్యవే" అన్నాడు నూకరాజు ఇంటి దగ్గర. "ఒక్క సంతకమే గదా. ఎన్నాళ్ళని ఇంట్లో కూర్చుంటాం?"

"రోడ్డు బాగుందని రాయమంటే రాసేత్తానయ్యా. అది అబద్ధమని ఊరందరికీ తెలుసు, నన్నెవరూ తప్పుపట్టరు. నేననని మాట నేనన్నానని రాత్తే? అది అబద్ధమని ఎవరికి తెలుత్తాది? రేపటి నుంచీ అన్నది నేనే అవుతాను."

"అన్నదాంట్లో మాత్రం తప్పేముంది?"

"తప్పేమీ లేదు. నేననలేదు, అంతే."

నూకరాజు మర్నాటి నుంచి పెళ్ళిళ్ళ వంటలకి కూలికి వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడ అతన్ని కూరలు తరగమనేవారు. పెనం ఎవరూ ఇవ్వలేదు. సాయంత్రం వచ్చి చేతులు కడుక్కుంటూ, వేళ్ళకి ఉల్లిపాయ వాసన వదలడం లేదని మాత్రం అనేవాడు. వీరమణి చేతి అలవాటు కొద్దీ రోజూ పెసలు నానబోసేది. పొద్దున్నే వాటిని చూసి, పక్కింటివాళ్ళకి పంచేసేది.

వైకుంఠరావు గారికి ఈలోగా ఒక సందేహం వచ్చింది. ఆ వాక్యం కింద చాలామంది నవ్వు గుర్తు పెట్టారు. ఒకరు నవ్విన గుర్తు చూసి మరొకరు ఆ వాక్యం చదివి ఉంటారు. కాబట్టి నవ్వినవాళ్ళందరూ పునఃప్రచురణకర్తలే. వాళ్ళందరినీ పురపాలక సంఘం హాలుకి పిలిపించారు.

మొదట వచ్చింది బీమా ఏజెంటు.

"నేను నవ్వలేదండి. వేలు జారింది" అన్నాడు.

"ఏ వేలు?"

అతను బొటనవేలు చూపించాడు. వైకుంఠరావు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, జారే స్వభావం కలదని రాసుకున్నారు.

ఒకాయన తాను నవ్వింది ఉప్మాని చూసి అన్నాడు. ఉప్మాలో హాస్యాస్పదమైన అంశం ఏమిటో లిఖితపూర్వకంగా తెలపమన్నారు. ఏడుపు గుర్తు పెట్టిన ఆవిడని, ఎవరి పట్ల సానుభూతితో ఏడ్చారో వివరించమన్నారు. రోడ్డు పట్ల అని ఆవిడ చెప్పడంతో ఆవిడ మీద మరో కేసు పెట్టారు. దణ్ణం గుర్తు పెట్టిన పెద్దాయన ఒక్కడికీ శాలువా కప్పి పంపారు. ఆయన ఏ ఫొటో కనిపించినా దణ్ణమే పెడతాడని తర్వాత తెలిసింది.

తర్కం అక్కడితో ఆగలేదు. టవరు లేకపోతే ఫోను లేదు కాబట్టి, మేడ మీద టవరు పెట్టనిచ్చిన డాక్టరు గారు ప్రచురణకర్త అయ్యారు. కరెంటు లేకపోతే చార్జింగు లేదు కాబట్టి కరెంటాఫీసు ఇంజనీరు ప్రచురణకర్త అయ్యాడు. ఆ సోమవారం పొద్దున ఊళ్ళో కరెంటే లేదని ఇంజనీరు సగర్వంగా రుజువు చేసుకుని బయటపడ్డాడు. తన ఉద్యోగ జీవితంలో కోత వల్ల మేలు జరిగింది అదొక్కసారే అని తర్వాత చెప్పుకున్నాడు.

అందరికీ నోటీసులు వెళ్ళాయి. నోటీసులో నేరం ఏమిటో చెప్పాలి కాబట్టి, చైర్మన్ గారు వేయించిన రోడ్డు కంటే పెసరట్టే మందం అన్న వాక్యం ప్రతి నోటీసులోనూ ఉంది. ఇంట్లో లేనివాళ్ళ నోటీసు గోడకి అంటించారు. అప్పటిదాకా ఫేస్‌బుక్ అంటే ఏమిటో తెలియని వీధుల్లోకి కూడా ఆ వాక్యం వెళ్ళింది.

చైర్మన్ గారు వైకుంఠరావు గారిని పిలిచి కేకలేశారు. "మీరే ఊరంతా అంటిస్తున్నారేమిటండీ?"

"సవరిస్తానండి. ఆక్షేపణీయమైన పదాలు తొలగించి గీతలు పెట్టిస్తాను."

కొత్త నోటీసులు వచ్చాయి. చైర్మన్ గారు, తర్వాత ఒక గీత, కంటే, మళ్ళీ ఒక గీత, చివర మందం. జనం నోటీసు ముందు ఆగి గీతలు నింపడం మొదలుపెట్టారు. రెండో గీతలో చైర్మన్ గారి చర్మం అన్నవాళ్ళున్నారు. బుద్ధి అన్నవాళ్ళున్నారు. కాలేజీ గోడ దగ్గర నిలబడ్డవాళ్ళు అన్నవి ఇక్కడ రాయడం కుదరదు.

"ఆ రోడ్డు మాటే నయమండీ. అదే పెట్టించండి" అన్నారు చైర్మన్ గారు రెండో రోజుకి.

పెట్టించబోతూ వైకుంఠరావు గారు ఆగిపోయారు. నోటీసులు రాసింది ఎవరు? అంటించమని ఆదేశించింది ఎవరు? నిజాయితీ గల మనిషి కాబట్టి ఆయన తన పేరు మీద తానే ఒక నోటీసు ఇచ్చుకున్నారు. గడువులోగా సంజాయిషీ రాసుకున్నారు. చదివి చూసి, సంజాయిషీ సంతృప్తికరంగా లేదని దాని మీద రాశారు. అప్పటి నుంచి ఆయన ఆఫీసులో తనతో తాను ముభావంగా ఉండేవారు.

చివరికి విభాగం నివేదిక తయారైంది.

"రాయవెల్లి పట్టణ వాసులు యావన్మందీ ప్రచురణకర్తలేనని విభాగం నిర్ధారించిందండి" అన్నారు వైకుంఠరావు గారు.

"యావన్మందీనా?" చైర్మన్ గారి మొహం వెలిగింది.

"చదవడం రానివాళ్ళు కూడానండి. వాళ్ళు చదివించుకున్నారు. తమరూ, మేడమ్ గారూ తప్ప."

చైర్మన్ గారు వేసిన పరువునష్టం కేసు కోర్టుకి వచ్చింది. ఊరందరినీ బోనులో నిలబెట్టే వీలు లేక మొదటి ముద్దాయి వీరమణిని మాత్రం నిలబెట్టారు. ఆమె ఉతికిన నేత చీర కట్టుకొచ్చింది. వెనక బెంచీ మీద నూకరాజు కూర్చున్నాడు. మెజిస్ట్రేటు గారు నడివయసు మహిళ. నివేదిక ఓపిగ్గా చివరిదాకా చదివారు.

"ప్రచురించడం అంటే ఏమిటండీ?" అని చైర్మన్ గారి ప్లీడరుని అడిగారు.

"ఒక మాటని మూడో వ్యక్తికి తెలియజేయడమండి."

"ఈ నివేదిక ప్రకారం ఊళ్ళో అందరూ ప్రచురణకర్తలే. అందరూ తెలియజేసేవాళ్ళే అయితే, తెలుసుకున్నవాళ్ళు ఎవరు?"

ప్లీడరు వైకుంఠరావు గారి వైపు చూశాడు. వైకుంఠరావు గారు నివేదిక వైపు చూశారు.

"ఉత్త పాఠకుణ్ణి ఒక్కణ్ణి తీసుకురండి" అన్నారు మెజిస్ట్రేటు గారు. "ఆ మాట చదివి, ఎవరికీ చెప్పకుండా, అది చదివినందువల్ల చైర్మన్ గారి మీద గౌరవం తగ్గినవాడు. ఒక్కడు చాలు." కేసు వాయిదా వేశారు.

పాఠకుడి కోసం వెతుకులాట మొదలైంది. కావలెను అని ప్రకటన ఇచ్చారు. ఏం చదివి ఉండాలో రాస్తే అదీ ప్రచురణే అవుతుంది కాబట్టి అది మాత్రం రాయలేదు. ఎవరూ రాలేదు. చదివామంటే నోటీసు వస్తుందని ఊళ్ళో అందరికీ భయం. అసలు తమకి చదువే రాదని చెప్పిన ట్యుటోరియల్ మాస్టార్లు కూడా ఉన్నారు.

ఆఖరికి కామేశ్వరశర్మ గారు దొరికారు. ఆయన రిటైరైన సంస్కృతం పండితుడు. అబద్ధం చెప్పరు.

"చదివాను నాయనా" అన్నారు.

"నవ్వారా?"

"లేదు."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎందుకు చెబుతాను?"

వైకుంఠరావు గారి కళ్ళు చెమర్చాయి. "దానివల్ల తమ దృష్టిలో పరువు తగ్గిందా మాస్టారూ?"

"తగ్గదూ మరి? పెసరట్టు అంత మందంగా వేస్తే ఎలా? పల్చగా, అంచులు కరకరలాడుతూ ఉండాలి. ఆ అమ్మాయి హోటలు మీద నాకున్న సదభిప్రాయం పోయింది. అలా రాయడం తప్పే. ఆ అమ్మాయి కేసు వేసిందా?"

వైకుంఠరావు గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. పరువు పోయింది పెసరట్టుకి కాదనీ, రోడ్డుకనీ, రోడ్డు ద్వారా చైర్మన్ గారికనీ వివరించారు. తారు ఎంత మందం ఉండాలో, ఎంత వేశారో కూడా చెప్పవలసి వచ్చింది. శర్మ గారు శ్రద్ధగా విన్నారు. ఆ తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశారు.

"బావుంది నాయనా" అన్నారు ఊపిరి తీసుకుని. "మా ఆవిడకి చెప్పొస్తాను, ఉండు."

పాఠకుడు ప్రచురణకర్త అయిపోయాడు. వైకుంఠరావు గారు మళ్ళీ తన పేర ఇంకో నోటీసు రాసుకున్నారు.

ఇక మిగిలింది చైర్మన్ గారి భార్య త్రిపురసుందరమ్మ గారు. అడగడానికి వైకుంఠరావు గారు ఇంటికి వెళ్ళారు.

"ఆయన ఫోను బల్ల మీద పడేసి స్నానానికి వెళితే చూశాను" అందావిడ.

"నవ్వారా అమ్మగారూ?"

"నవ్వితే స్నానాల గదిలోకి వినిపిస్తుంది కదండీ. నవ్వలేదు."

"ఎవరికైనా చెప్పారా?"

"ఈ ఇంట్లో నేను మాట్లాడితే వినేది ఎవరు?"

ఇంతకంటే స్వచ్ఛమైన పాఠకురాలు భూమ్మీద దొరకదని వైకుంఠరావు గారు అక్కడికక్కడే నిర్ధారించారు. చైర్మన్ గారికి కూడా ఈ ఏర్పాటు నచ్చింది. కోర్టుకి పత్రికలవాళ్ళని పిలిపించారు.

వాయిదా రోజు కోర్టు హాలు నిండిపోయింది. త్రిపురసుందరమ్మ గారు ప్రమాణం చేసింది. ప్లీడరు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఆ వాక్యం మీరు చదివారు. చదివాక మీ దృష్టిలో చైర్మన్ గారి గౌరవం తగ్గిందా?"

ఆవిడ ఆలోచించింది. "తగ్గలేదండి."

ప్లీడరు కంగారు పడ్డాడు. "మీరు భార్య కాబట్టి అభిమానం కొద్దీ అంటున్నారు. కొంచెం కూడా తగ్గలేదా? గుర్తు తెచ్చుకోండి."

"గుర్తుందండి. ముందు ఎంత ఉండేదో తర్వాతా అంతే ఉంది."

హాల్లో ఎవరో దగ్గారు. మెజిస్ట్రేటు గారు కలం కింద పెట్టి, కుర్చీలో కొంచెం ముందుకి వంగారు.

"ముందు ఎంత ఉండేదమ్మా?"

త్రిపురసుందరమ్మ గారు బోను కర్ర మీద చెయ్యి వేసి భర్త వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న ఎవరో అడిగినట్టు, దానికి సరైన జవాబు చెప్పాలన్నట్టు ఉంది.

"ప్రమాణం చేశాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదండీ?"

"చెప్పాలి."

"అయితే మొదటి నుంచీ చెప్తాను" అంది ఆవిడ. "మా పెళ్ళినాడు..."

"కేసు ఉపసంహరించుకుంటున్నానండి" అన్నారు భాస్కరనారాయణ గారు. ఎప్పుడు లేచి నిలబడ్డారో ఎవరూ చూడలేదు. "ఇప్పుడే, ఈ క్షణమే. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించండి."

మెజిస్ట్రేటు గారు చూపించారు. త్రిపురసుందరమ్మ గారు కాసేపు అలాగే నిలబడి, ఇక అక్కర్లేదని అర్థమై, మెల్లగా బోను దిగింది. గుమ్మం దగ్గర వీరమణి చెయ్యందించింది. పత్రికలవాళ్ళు మాత్రం ఆ వారమంతా ఆ పెళ్ళినాటి సంగతి ఏమై ఉంటుందా అని రకరకాలుగా రాశారు. వాళ్ళ మీద కేసు వేయమని ఎవరో సలహా ఇస్తే, చైర్మన్ గారు ఆ సలహా ఇచ్చినవాణ్ణి ఇంట్లోకి రానివ్వడం మానేశారు.

సీలు తీయడానికి వైకుంఠరావు గారే స్వయంగా వచ్చారు. లక్క గీకి, తాళం తీసి, తలుపు తోశారు. లోపలి నుంచి వచ్చిన వాసనకి ముగ్గురూ వీధిలోకి వచ్చి కాసేపు నిలబడవలసి వచ్చింది. నూకరాజు పిండి గిన్నెలు బయట పారబోసి, పెనం తోమి, పొయ్యి మీద పెట్టాడు. దాని ముందు నిలబడి రెండు అరచేతులూ వేడికి చాచాడు.

వీరమణి ఇంటి నుంచి తెచ్చిన పిండితో మొదటి అట్టు వేయించి, ప్లేటు తెచ్చి వైకుంఠరావు గారి ముందు పెట్టింది.

"ఇప్పుడు విచారణ లేదు కదండి. తినొచ్చు."

ఆయన తిన్నారు. పూర్తిగా తిన్నారు. చట్నీ ఇంకోసారి వేయించుకున్నారు. చెయ్యి కడుక్కోబోతుంటే వీరమణి అడిగింది.

"ఎలా ఉందండి?"

వైకుంఠరావు గారు బిగుసుకుపోయారు. వీధి వైపు చూశారు. పెనం దగ్గర నూకరాజు వైపు చూశారు.

"వారిని ఒక్క నిమిషం లోపలికి వెళ్ళమనండి" అన్నారు.

నూకరాజు అట్లకాడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు. వైకుంఠరావు గారు లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చారు. మూడో వ్యక్తి ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక వీరమణి వైపు కొంచెం వంగి, గొంతు తగ్గించి, "బావుందమ్మా" అన్నారు.